పోపుకూ తాలింపుకూ మధ్య ఒక జలాంతర్గామి

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను సముద్రాన్ని కళ్లారా చూసింది రెండేసార్లు. విన్నది మాత్రం ఆదివారాలు, పండుగ సెలవులు పోను ప్రతిరోజూ. ఛత్రినాకలో ఇల్లు, సంతోష్‌నగర్ దాటాక ఆఫీసు, తలకు హెడ్‌ఫోన్లు, చెవుల్లో బంగాళాఖాతం. ఇదేం ఉద్యోగమని చుట్టాలు అడిగితే "వినుడు నౌకరీ" అనేవాణ్ణి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యానని మా బావమరిది ఇప్పటికీ నమ్ముతున్నాడు. నేనూ దిద్దలేదు.

మా పాత ఆఫీసులో ఈమధ్య చేరిన పిల్లలు కొందరు ఇంటికొచ్చి, మీ అనుభవాల్లోంచి ఏదైనా రాసివ్వండి సార్ అన్నారు. సాధించినవి రాస్తే బాగుంటుందన్నారు. అవి రాయడానికి మా పెద్ద సార్లు చాలామంది ఉన్నారు. నేను ఒక కూలర్ గురించి రాస్తాను. ఏ తీరం, ఏ సంవత్సరం, ఏ పడవ అని మాత్రం అడగొద్దు. చెప్పకూడనిది ఎలాగూ చెప్పను.

పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సముద్రం అడుగున మైకులు దించి అక్కడి చప్పుళ్లు రికార్డు చేస్తారు. ఆ టేపులు మా దగ్గరికి వచ్చేవి. మేం వాటిని విని, ఏ నిమిషంలో ఏ చప్పుడు ఉందో రిజిస్టర్‌లో రాయాలి. ఇదంతా ఎందుకంటే, ఆ నీళ్లలో అన్నిటికంటే మెత్తగా నడిచేది జలాంతర్గామి. నేవీవాళ్లు దాన్ని పడవ అంటారు, మాకూ అదే అలవాటైంది. వినబడకుండా ఉండటమే దాని ఉద్యోగం. మిగతా చప్పుళ్లన్నీ క్షుణ్ణంగా తెలిసినవాడికి, తెలియనిదేదో తగిలినప్పుడు అనుమానం వస్తుంది. బియ్యం ఏరేవాళ్ల చేతికి రాయి తగిలినట్టే.

నన్ను ఈ పనికి ఎందుకు తీసుకున్నారో చెబితే నవ్వుతారు. మా చిన్నప్పటి ఇల్లు శాలిబండలో, వెండి రేకును సుత్తితో కొట్టి మిఠాయిల మీద వేసే వరఖ్ చేసే దుకాణం వెనకాల ఉండేది. పొద్దంతా నలుగురు కొట్టేవాళ్లు. ఎవరి చేయి అలసిందో, ఎవరు మారారో నేను గోడ ఇవతల నుంచే చెప్పేవాణ్ణి. ఇంటర్వ్యూలో ఒక ఓడ చప్పుడు వినిపించి, దాని పంఖాకు రెక్కలెన్ని అని అడిగారు. నాలుగు అన్నాను, ఒకటి కాస్త దెబ్బతిన్నది కూడా అన్నాను. మూడో రోజు ఆర్డర్ చేతికిచ్చారు.

చప్పుళ్లకు ఆఫీసువాళ్లు ఇంగ్లీషులో పొడుగాటి పేర్లు ఇచ్చారు. మేం వాటిని ఒక నెల భరించి, తర్వాత మా పేర్లు పెట్టుకున్నాం. సరుకుల ఓడ పిండి గిర్నిలా ఏకధాటిగా రుబ్బుతుంది కాబట్టి గిర్ని. చేపలు పట్టేవాళ్ల ఇంజను ఫట్‌ఫటి. డాల్ఫిన్లు నూనె పెట్టని తలుపులా కిర్రుమంటాయి, అందుకని తలుపు. ఇక అన్నిటికంటే ఎక్కువగా, రాత్రీ పగలూ, ఎక్కడ మైకు దించినా వినిపించేది ఒక చిటపట. వేలెడంత రొయ్య ఒకటి ఉంటుంది, దానికి ఒక డెక్క పెద్దది. ఆ డెక్క టప్పున మూస్తే చిన్న పటాకీ పేలినంత చప్పుడు. అలాంటివి లక్షలు కలిసి చేసే గోలకు నేను పోపు అని పేరు పెట్టాను.

నా పక్క గదిలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన మిత్రుడు ఒకాయన ఉండేవాడు. నాకంటే ఐదేళ్లు పెద్ద. సముద్రం ఒడ్డున కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు కాబట్టి, మన పడవ పరీక్షలకు వచ్చిన రోజుల టేపులన్నీ ఆయనకే ఇచ్చేవాళ్లు. మామూలు రోజులవి నాకు. ఆయన అదే రొయ్యల చిటపటను తన రిజిస్టర్‌లో తాలింపు అని రాసేవాడు. రెండూ ఒకటేనని గదిలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. కానీ మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు మాత్రం లొల్లి మొదలయ్యేది. ఎండుమిర్చి, వెల్లుల్లి పడనిది తాలింపే కాదని ఆయన, అవి పడని పోపు ఎవరింట్లో చూశావని నేను. మీది ఉత్త ఆవాల చప్పుడండీ అని ఆయన నా డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. ఇలా పద్దెనిమిదేళ్లు వాదించుకున్నాం. ఒకరి కూర ఒకరం తింటూనే వాదించుకున్నాం.

ఒక ఎండాకాలం, టేపులకు బూజు పడుతోందని, వానలు పడేలోగా పాతవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఆర్డర్ వచ్చింది. ఎవరి టేపులు వాళ్ల గదిలో వాళ్లే ఎక్కించాలి. మా గదులకు ఏసీ లేదు. నేను ఇక్కడివాణ్ణి, తట్టుకున్నాను. ఆయనకు హైదరాబాద్ ఎండ పడేది కాదు. మా వైపు చెమటన్నా పడుతుందండీ, ఇక్కడ మనిషే ఆవిరైపోతున్నాడు అనేవాడు. నేను శాలిబండలో రేకు కూలర్లు చేసే దుకాణంలో రెండు కూలర్లు కొని, ఒకటి ఇంట్లో పెట్టి, ఒకటి ఆటోలో వేసుకొచ్చి ఆయన గదిలో పెట్టాను. ఆ గదిలో పనిచేసే ప్లగ్గు ఒక్కటే, టేప్ మెషీన్ బోర్డుది. దాని మీద ఎర్ర రంగుతో, ఇక్కడ వేరే సామాను తగిలించరాదు అని రాసి ఉంది. ఆయన చదివి వెనకాడాడు.

"ఏం ఫికర్ లేదన్నా, పెట్టుకో," అని నా చేత్తోనే తగిలించాను.

ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత కొన్నేళ్లకు ఆయన రిటైరై సొంత ఊరు వెళ్లిపోయాడు. కూలర్ ఆ గదిలోనే బల్ల కింద ఉండిపోయింది. అది ఆఫీసు లిస్టులో లేదు, లిస్టులో లేని సామానును తీసేయాలన్నా కాగితం పుట్టదు.

అప్పటికి కాలం మారింది. మనిషి లేకుండా నెలల తరబడి నీళ్లలో తిరుగుతూ వినే చిన్న డ్రోన్లు వచ్చాయి. సముద్రం అడుగున వరుసగా పరిచే మైకులు వచ్చాయి. అవి పోగేసే శబ్దాన్ని వినడానికి మనుషులు చాలరు, కాబట్టి కంప్యూటర్‌కే వినడం నేర్పాలి. ఆ పని మీద మా దగ్గరికి ఒక అమ్మాయి వచ్చింది. సంతోష్‌నగర్ పిల్ల, తండ్రి ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాడు. హోదాలో నాకంటే నాలుగు మెట్లు పైన, వయసులో నా కూతురంత. నలుగురిలో మేడమ్ అనేవాణ్ణి, టీ తాగేటప్పుడు బిడ్డా అనేవాణ్ణి. మా రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌కు పాఠ్యపుస్తకాలుగా పెట్టింది ఆమే. ఈ టేపులో ఈ నిమిషం గిర్ని, ఈ నిమిషం తలుపు అని చెబుతూ పోతే, కొన్నాళ్లకు కంప్యూటర్ తనంతట తానే గుర్తుపట్టడం మొదలుపెట్టింది. దాన్ని చూసి నేను మురిసిపోయాను. నా మాటలు ఒక మెషీన్ నేర్చుకోవడమంటే మామూలా?

ఒకరోజు నోట్‌బుక్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, మీ రిజిస్టర్ల పోపు అని ఉంది, ఆ సార్ రిజిస్టర్ల తాలింపు అని ఉంది. రెండు ఒకటేనా, వేరువేరా?"

ఒక్క మాటతో అయిపోయే జవాబు. కానీ నాకు ఎదురుగా మిత్రుడి డబ్బా కనిపించింది, పద్దెనిమిదేళ్ల పంచాయితీ గుర్తొచ్చింది. నాలుకకు దురద పుట్టింది.

"ఒకటెట్లయితది బిడ్డా? తినేటోళ్లకు ఎరుకయితది తేడా," అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లిపోయింది. నేనూ మర్చిపోయాను.

రెండు నెలల తర్వాత మా పెద్దసారు గదిలోకి పిలిచారు. అమ్మాయి అక్కడే ఉంది, కళ్లు మెరుస్తున్నాయి. కంప్యూటర్ పోపునూ తాలింపునూ దాదాపు తప్పు లేకుండా విడదీస్తోందట. విడదీసిన తాలింపులన్నీ ఏ రోజులవా అని చూస్తే, అన్నీ మన పడవ ఆ నీళ్లలో ఉన్న రోజులవట. ఆమె ఆలోచన ఇది. పడవ ఎంత మెత్తగా నడిచినా, అంత పెద్ద శరీరం పైనుంచి పోతుంటే నీళ్లు కదులుతాయి, కింద రొయ్యలకు తెలుస్తుంది. అవి చిటపట మారుస్తాయి. అంటే పడవను వినక్కర్లేదు, రొయ్యలను వింటే చాలు.

ముప్పై ఏళ్లు నేను చెత్త అని పక్కన పెట్టిన చప్పుడే సాక్ష్యం చెబుతోందన్నమాట. ఆ ఆదివారం మార్కెట్‌కు వెళ్లి అరకిలో రొయ్యలు తెచ్చి గిన్నెలో వేసుకుని కూర్చున్నాను. మంచులోంచి తీసిన రొయ్యలు ఏం మాట్లాడతాయి? మా ఆవిడ వాటిని వేపుడు చేసింది.

పడవ వచ్చే ముందరి గంటల్లో, పోయిన తర్వాతి గంటల్లో కూడా తాలింపే ఉందేమిటని మా పెద్దసారే అడిగారు. రొయ్యలు దూరం నుంచే పసిగడతాయేమో, తర్వాత చాలాసేపు కుదుటపడవేమో అని మాలో మేమే జవాబు చెప్పుకున్నాం. మనకు నచ్చిన మాటకు సాక్షులు పిలవకుండానే వచ్చి కూర్చుంటారు.

ఇక్కడ కాస్త ఆగి, ఇది ఎందుకంత పెద్ద సంగతో చెప్పాలి. అణు ఇంధనంతో నడిచే పడవ నెలల తరబడి పైకి రాకుండా ఉండగలదు. అందులో అణు క్షిపణులు ఉంటాయి. ఎవరైనా మన దేశం మీద ముందుగా బాంబులు వేసి నేలమీద ఉన్నవన్నీ మట్టి చేసినా, నీళ్లలో ఎక్కడో ఒక పడవ మిగిలే ఉంటుంది. అది బదులిస్తుంది. ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టే మొదటి రాయి వేయడానికి ఎవరూ సాహసించరు. పొరుగువాళ్ల పడవల వల్ల మనమూ అంతే. ఇరుగుపొరుగు దేశాలు పళ్లు నూరుకుంటూనే ఇన్నాళ్లు బతికిన రహస్యం చాలావరకు అదే. ఇప్పుడు ప్రతి రొయ్యా వేలు పెట్టి చూపిస్తే? సముద్రం గాజుగ్లాసు అయిపోతే? మా పెద్దసారు ఆ ప్రశ్నతోనే ఒక రిపోర్టు తయారు చేయించారు. ఢిల్లీ నుంచి కమిటీ వస్తుంది, విన్నాక రిపోర్టు ఇంకా పైకి పోతుంది. అమ్మాయికి ఆ ఏడు ప్రమోషన్ ఖాయమని అందరూ అనుకున్నారు.

కమిటీ ముందు ఒక చిన్న తమాషా కూడా పెట్టాలనుకున్నారు. ఏ టేపో చెప్పకుండా వినిపిస్తారు, కంప్యూటర్ చెప్పాలి, పక్కనే నేనూ చెప్పాలి. మెషీన్, మనిషి ఒకే మాట చెబితే కమిటీకి నమ్మకం కుదురుతుందని. ముందుగా అమ్మాయి నన్ను కూర్చోబెట్టి పది ముక్కలు వినిపించింది. పోపు, తాలింపు, తాలింపు, పోపు అని చెప్పుకుంటూ పోయాను. పదికి పది సరిపోయాయి. నేనే ఆశ్చర్యపోయాను. ఎలా చెబుతున్నానో నాకే తెలియలేదు. ఇన్నేళ్లూ తెలియకుండానే నా చెవికి పడవ తెలుసన్నమాట అనుకున్నాను. ఆ వారం నా నడకే మారిందని మా ఆవిడ అంది.

కమిటీ వచ్చే రోజు. ఏప్రిల్ నెల. ముందురోజే అటక మీది కూలర్ దించి కొత్త గడ్డి పెట్టాను. పొద్దున వరండాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాను. వంటింట్లో మా ఆవిడ పప్పుకు పోపు పెడుతోంది. ఆవాలు చిటపటమన్నాయి. నాలో నేనే పోపు అనుకుని, పరీక్షకు తయారవుతున్నానని నవ్వుకున్నాను. ఉక్క పోసి కాబోలు, ఆమె ఎడమ చేత్తో కూలర్ స్విచ్ వేసింది. చిటపట వెనక సన్నగా గుయ్యిమంది.

"తాలింపు," అన్నాను పైకే.

గడ్డం మీద కత్తి అక్కడే ఆగిపోయింది. నురగ మొహంతోనే వంటింట్లోకి వెళ్లి కూలర్ ఆపేయమన్నాను, మళ్లీ పోపు పెట్టమన్నాను.

"పప్పుల రెండు పోపులేందయ్యా?"

"పప్పుల వద్దు. ఉత్త నూనెల వెయ్యి."

ఆమె నా మొహం చూసి ఇంకేం అడగకుండా వేసింది. కళ్లు మూసుకుని విన్నాను. కూలర్ ఆగితే పోపు, కూలర్ తిరిగితే తాలింపు. నాలుగుసార్లు చేయించాను. డబ్బాలో ఆవాలు అయిపోయాయి.

శాలిబండ దుకాణంలో కొన్న జంట కూలర్లలో ఒకటి నా ఎదురుగా తిరుగుతోంది. రెండోది నా మిత్రుడి బల్ల కింద ఉంది. ఆ ఎండాకాలం ఆయన టేపులు ఎక్కిస్తున్నంతసేపూ అది అదే బోర్డు మీద తిరిగింది. ఎర్తింగ్ సరిగా లేని ఆ వైర్లలోంచి దాని గుయ్యి కంప్యూటర్‌లోకి ఎక్కిన ప్రతి కాపీలోకీ దూరింది. ఆయనవన్నీ పడవ రోజుల టేపులు. కంప్యూటర్ కనిపెట్టింది పడవను కాదు, రొయ్యలను కాదు, నా కూలర్‌ను. అక్కడ వెతకమని దానికి చెప్పిందీ నేనే, తేడా ఉంటుందని.

షేర్ ఆటోలో వెళుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. నాకింకా రెండు నెలలే సర్వీసు. మిత్రుడు ఎక్కడో గోదావరి ఒడ్డున ఉన్నాడు. కూలర్ సంగతి ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే దండలు వేసి పంపిస్తారు. నిజం చెబుతున్నాను, సంతోష్‌నగర్ దాకా నేను నోరు మూసుకునే మనిషినే. ఆటో దిగి చిల్లర ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకోవడం కళ్లముందు కదిలింది. పెద్దమనిషి మాట అని నమ్మి రాసుకుంది. అప్పుడు నాకు చాలా సిగ్గేసింది.

మీటింగ్ పదకొండింటికి. తొమ్మిది కాకముందే ఆమెను ఆ గదికి తీసుకెళ్లి, బల్ల కింది నుంచి కూలర్ లాగి చూపించి, అంతా చెప్పాను. ఆమె వంగి బోర్డు మీది ఎర్ర అక్షరాలు చదివింది.

"మీరే కద సార్ చెప్పింది, తేడా ఉంటదని."

"చెప్పిన బిడ్డా. మజాక్ చేసిన. తప్పు నాది."

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె లేచి అసలు టేపులు ఉన్న బీరువా తాళం అడిగింది. ఒక మామూలు రోజు టేపు తీసి, అదే బోర్డు మీద కూలర్ తిప్పుతూ కొత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఆ రోజు చుట్టుపక్కల పడవ అనేదే లేదు. కంప్యూటర్ పడవ ఉందంది. తర్వాత పడవ వచ్చిన రోజు టేపు తీసి, కూలర్ ఆపి ఎక్కించాం. ఏమీ లేదంది. ఆమె ఒకసారి కళ్లు మూసుకుని తెరిచింది. మూడేళ్ల పని అది.

పెద్దసారుకు చెబితే ఆయన ముందు తలుపు వేశారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ ప్రాజెక్టు ఆగితే కాంట్రాక్టు మీద ఉన్న ఆరుగురి పని పోతుంది, అది ఆయన బాధ. ఇవాళ్టికి ఇది తొలి ఫలితం అని చెప్పి చూపిద్దాం, నెల తర్వాత మనమే సరిదిద్దుదాం అన్నారు. ఇవాళ చెప్పకపోతే అబద్ధం కాదు కదా, ఆలస్యమే కదా అన్నారు. అమ్మాయే మాట్లాడింది.

"సార్, ఈ కాగితం పైకి పోతే ఎవరో ఒకరు నమ్ముతరు. ఒకసారి నమ్మినంక అది కూలర్ చప్పుడని చెప్తే ఎవరు ఇంటరు?"

పెద్దసారు నా వైపు తిరిగి, కూలర్‌ను మీటింగ్ హాల్లోకి ఎవరు మోస్తారని అడిగారు. నేనే మోశాను. టేప్ మెషీన్‌ను, దాని బోర్డును కూడా ఊడదీసి తెచ్చి రెండూ దానికే తగిలించాం.

ఏసీ హాల్లో, సూట్ల మధ్య, తుప్పు పట్టిన రేకు కూలర్‌ను ఊహించుకోండి. అమ్మాయి రొయ్యల కథ మొదటి నుంచి చెప్పింది, బాగా చెప్పింది. అందరూ ముందుకు వంగారు. అప్పుడు నన్ను స్విచ్ వేయమంది. ఉత్త రొయ్యల టేపు, కూలర్ గుయ్యి, తెరమీద ఎర్ర అక్షరాలతో పడవ అని పడింది. ఆపమంది. పడవ మాయం. ఇంకోసారి వేయమంది. ఇంకోసారి పడవ. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కొందరు నవ్వారు, ఒకాయన మా టైం దండగ చేశారని గట్టిగానే కసిరాడు. కూలర్ ఎవరు పెట్టారని అడిగితే చేయి ఎత్తాను. అంతమంది ముందు చేయి ఎత్తడం స్కూలు తర్వాత అదే మొదలు.

కమిటీలో తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. పడవల్లోనే పనిచేసి రిటైరైనవారు. ఆయన మాత్రం నవ్వలేదు. టీ దగ్గర నన్ను వెతుక్కుంటూ వచ్చి, పోపు అంటే ఏమిటి, తాలింపు అంటే ఏమిటి అని హిందీలో అడిగి తెలుసుకున్నారు. మీ హిందీలో తడ్కా అంటే రెండూ అదే సాబ్ అన్నాను. అప్పుడు నవ్వారు. నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం అడిగాను. సాబ్, సముద్రం నిజంగానే గాజుగ్లాసు అయిపోతుందా? ఆయన కప్పు కింద పెట్టి నెమ్మదిగా చెప్పారు. ఆయన మాటలు తెలుగులో ఇవి.

"కావచ్చు, కాకపోవచ్చు. నా భయం అది కాదు. నిజంగా వినగలిగినవాడు ఎంత దూరం వినగలడో తెలుసుకుని జాగ్రత్తగా ఉంటాడు. వినగలనని ఉత్తగా నమ్మినవాడికి తొందర పుడుతుంది. ఎదుటివాడి పడవలన్నీ కనబడుతున్నాయి కదా, ముందే కొట్టేద్దామనుకుంటాడు. మనల్ని వింటున్నారేమోనని భయపడినవాడికీ అదే తొందర. ఇలాంటి గది అటువైపు కూడా ఉంటుంది. అక్కడ కూలర్ పెట్టినవాడు చేయి ఎత్తుతాడా?"

ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయారు.

తర్వాత ఏమైందంటారా? ప్రాజెక్టు ఆగలేదు, చిన్నదైంది. కాంట్రాక్టు పిల్లల్లో ఇద్దరి పని పోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అమ్మాయికి ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. నిషేధించిన బోర్డుకు అనుమతి లేని పరికరం తగిలించినందుకు నాకు మెమో ఇచ్చారు. రిటైర్మెంట్‌కు నలభై రోజుల ముందు వచ్చిన ఆ మెమో, సన్మాన పత్రంతో పాటు బీరువాలో దాచుకున్నాను. రెండింటిలో నిజం ఎక్కువగా ఉన్నది మెమోలోనే. రొయ్యలు పడవను పసిగడతాయా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆ అమ్మాయి కొత్త టేపులతో మళ్లీ మొదటి నుంచి వింటోంది. ఈసారి ప్రతి మాటకూ అర్థం రాసిన పట్టిక గోడకు అంటించింది. మొదటి వరుసలో పోపు, తాలింపు, మధ్యలో సమానం గుర్తు. ఏం తేలుతుందో చూడాలని నాకు మహా ఆత్రంగా ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, రొయ్యలేమంటున్నయి బిడ్డా అని అడుగుతుంటాను.

మెమో వచ్చిన సాయంత్రమే గోదావరి మిత్రుడికి కూడా ఫోన్ చేశాను. పోపు, తాలింపు ఒకటేనన్నా, నేను ఒప్పుకుంటున్నానన్నాను. ఇన్నేళ్లకు ఏం గుర్తొచ్చిందండీ అని ఆయన నవ్వాడు. సంగతంతా చెప్పాను.

"ఎండకు ఓర్చుకోలేకపోయింది నేనండీ. మెమో నా పేరున రావాల్సింది," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు వరండాలోనే కూర్చున్నాను.

ఇప్పుడు ఎండాకాలం వస్తే మా ఇంట్లో ఒక పద్ధతి. పోపు పెట్టే ముందు మా ఆవిడ కూలర్ ఆపి, "ఇగో, పోపే, పడవ గాదు," అని ఒక కేక వేస్తుంది. నేను నవ్వుతాను. నవ్వుతూనే అటువైపు గదిలోని మనిషి గుర్తొస్తాడు. వాళ్ల భాషలో పోపుకు ఎన్ని మాటలున్నాయో, ఆయన పక్క గదిలో ఎండకు ఓర్చుకోలేని మిత్రుడున్నాడో లేదో నాకు తెలియదు. ఆయన పేరు తెలియదు, ఆయన దేవుడెవరో తెలియదు. అయినా ఆయన కోసం దండం పెట్టుకుంటాను. ఒక పొద్దున ఆయనకు కూడా వంటింట్లోంచి ఏదో వినబడాలని, విన్నాక నాలా ఆటో దిగేలోగానైనా మనసు మార్చుకుని వెళ్లి చేయి ఎత్తాలని. ఆయన ఎత్తకపోతే, ఛత్రినాకలో ఈ పోపు చప్పుడు వినడానికి నేను ఉండను, పెట్టడానికి మా ఆవిడ ఉండదు.